కారు పెట్రోలు ట్యాంకు మూత ఇంటి దగ్గరే మార్చుకున్నాం

మా అపార్ట్‌మెంట్ సెల్లారులో పెట్రోలు వాసనను ముందుగా పసిగట్టింది వాచ్‌మన్ భార్య. తెల్లవారుజామున ఊడ్చుకుంటూ మా కారు దగ్గరికి వచ్చేసరికి గుప్పుమంటోందని, ఒకసారి చూసుకోమని చెప్పింది. నేను కిందికి దిగే వేళకు అందరూ బండ్లు తీస్తుంటారు, గాలి ఆడుతుంటుంది, అందుకే నాకు ఏమీ తెలియలేదు. మర్నాడు ఆమె లేచే సమయానికే నేనూ దిగాను. ఆమె చెప్పింది నిజమే. కారుకు ఎడమవైపు, వెనక చక్రానికి పైన పెట్రోలు పోసే చోట ముఖం దగ్గరగా పెడితే ఘాటు ముక్కుకు తగిలింది.

పెట్రోలు కారన్నాక కాస్త వాసన రాదా అని పక్క ఫ్లాటువాళ్ళు తేలికగా తీసుకున్నారు. నేను అలా తీసుకోలేకపోయాను. హైస్కూలులో భౌతికశాస్త్రం చెబుతాను, ఆవిరి సంగతి నాకు తెలుసు. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి లేచి పోదు, నేల మీద పాకి పల్లం ఎక్కడుంటే అక్కడ నిలుస్తుంది. గాలిలో దాని పాలు 1.4 శాతానికీ 7.6 శాతానికీ మధ్య ఉంటే అంటుకోవడానికి చిన్న రవ్వ చాలు. మా సెల్లారులో నీళ్ళ మోటారు స్టార్టరు కారుకు నాలుగడుగుల దూరంలో గోడకు ఉంది. దాని పక్క గదిలోనే వాచ్‌మన్ కుటుంబం దోమల చక్రం వెలిగించుకుని పడుకుంటుంది. పైగా పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. అది కేన్సరు కారకమని తెలిసే మన దేశంలో పెట్రోలులో దాన్ని 1 శాతానికి మించనివ్వకూడదని నియమం పెట్టారు. వాచ్‌మన్ ఇద్దరు పిల్లలూ రాత్రంతా ఆ గాలి పీలుస్తున్నారన్న ఆలోచన వచ్చాక కారును అక్కడ ఉంచడానికి నాకు మనసు రాలేదు. ఆ పూటే తీసి గేటు బయట వేపచెట్టు కింద పెట్టాను. పని పూర్తయ్యేదాకా లోపలికి తేలేదు.

వాసన వస్తే తప్పు మూతదేనని ముందుగానే తీర్మానించుకోవడం మంచిది కాదు. పెట్రోలు పైపు బీటలు వారినా, వెనక సీటు కింద ట్యాంకు పైన ఉండే పంపు సీలు చెడినా, ఇంజిను దగ్గర గొట్టం కలిసే చోట వదులైనా వాసన వస్తుంది. వాటిలో కొన్ని మూత కంటే చాలా ప్రమాదకరం. అందుకని రాత్రి కారు కింద పెద్ద అట్టముక్కలు పరిచి ఉంచి పొద్దున చూశాను. ఎక్కడా చుక్క మరక లేదు. తరువాత మా మెకానిక్ దగ్గర కారును పైకి ఎత్తించి కింది నుంచి పైపులన్నీ చూపించాను. బాగానే ఉన్నాయన్నాడు. ఈ పరీక్ష చేయించకుండా మూత మాత్రం మార్చేసి ఊరుకోవద్దని నా గట్టి మాట. చుక్క కనిపిస్తే మాత్రం కారును స్టార్టు కూడా చేయకూడదు, మెకానిక్‌నే ఇంటికి రప్పించుకోవాలి.

మెకానిక్ మరొక మాట అడిగాడు. "మేడం, మీరు పెట్రోలు నిండుగా కొట్టించాక రౌండు ఫిగర్ కోసం ఇంకా పోయిస్తారా?" ఈ అలవాటు మనలో చాలామందికి ఉంది కాబట్టి అతను ఎందుకు అడిగాడో చెప్పాలి. ట్యాంకులో పుట్టే ఆవిరి బయటికి పోకుండా నేటి పెట్రోలు కార్లలో ఒక బొగ్గు డబ్బా ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని క్యానిస్టర్ అంటారు. అందులో ఉత్తేజిత బొగ్గు ఉంటుంది. కారు ఆగి ఉన్నప్పుడు పెట్రోలు ఆవిరిని అది పట్టి ఉంచుతుంది, ఇంజిను నడిచేటప్పుడు ఆ ఆవిరిని ఇంజినే పీల్చుకుని కాల్చేస్తుంది. బంకులో గన్ను దానంతట అది టక్కున ఆగిపోయిన తరువాత కూడా నొక్కి నొక్కి పోయిస్తే ద్రవ పెట్రోలే ఆ డబ్బాలోకి వెళ్ళి బొగ్గును తడిపేస్తుంది. అప్పుడు అది ఆవిరిని పట్టలేదు. మాకు ఆ అలవాటు లేదు, మా డబ్బా పొడిగానే ఉంది. మిగిలింది మూత ఒక్కటే.

నిజానికి మూత సంగతి బంకు కుర్రాడు అంతకుముందే చెప్పి ఉన్నాడు. "ఎంత తిప్పినా టిక్కుమనడం లేదు మేడం, తిరుగుతూనే ఉంది" అన్నాడు. ఆ టిక్ టిక్ శబ్దం ఉత్త అలంకారం కాదు. మూత లోపల పళ్ళ చక్రం లాంటి ఏర్పాటు ఉంటుంది. రబ్బరు మీద కావలసినంత ఒత్తిడి పడగానే పళ్ళు జారి టిక్కుమంటాయి. ఆ తరువాత ఎంత తిప్పినా ఒత్తిడి పెరగదు. బలవంతులు తిప్పినా బలహీనులు తిప్పినా రబ్బరు ఒకే మేరకు నొక్కుకుంటుంది. శబ్దం రాలేదంటే ఆ పళ్ళు అరిగిపోయాయి, లేదా మూత అంతదాకా బిగియడం లేదు.

వేపచెట్టు కింద మూత విప్పి పగటి వెలుగులో చూస్తే మరి రెండు లోపాలు బయటపడ్డాయి. అడుగున ఉండే నల్ల రబ్బరు వాషరు పాతబడిన కుక్కరు గాస్కెట్టులా గట్టిపడి, బల్లపరుపుగా నలిగి, ఒకచోట గోరు దిగేంత బీట వారింది. మూత పడిపోకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ మధ్యలో తెగిపోయింది. మా కారు 2014 నాటిది. ఎండకూ పెట్రోలుకూ ఇన్నేళ్ళు తట్టుకున్న రబ్బరు గట్టిపడటంలో వింత లేదు. పైగా ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే ఒక ప్రకటనలో చెప్పింది. మా వాషరు ఇథనాల్ వల్లనే చెడిందని నేను అనను, వయసు కూడా అయింది. కానీ పాత కార్లున్నవారు కనీసం ఈ ఒక్క వాషరునైనా ఒకసారి విప్పి చూసుకోవాలి. దానికి పనిముట్టు ఏదీ అక్కరలేదు, ఖర్చూ లేదు.

ఇక మూత ఎలాంటిది కొనాలన్న విషయానికి వస్తాను. నేను ఇదంతా రాయడానికి అసలు కారణం ఇదే. ట్యాంకు మూత అంటే సీసా మూత వంటిదే, మర పట్టి బిగిస్తే చాలు అనుకుంటాం. అది పెట్రోలును ఆపడమే కాదు, అవసరమైనప్పుడు గాలిని లోపలికి రానివ్వాలి కూడా. కారు నడుస్తుంటే పంపు పెట్రోలును లాగుతూనే ఉంటుంది. లాగిన మేరకు లోపలికి గాలి రావాలి. మామూలుగా ఆ గాలి బొగ్గు డబ్బా దారిలో వస్తుంది. ఆ దారి మూసుకుపోతే ట్యాంకు లోపల పీడనం తగ్గుతుంది. అప్పుడు ఆదుకోవడానికి మూతలో స్ప్రింగు మీద ఆనిన చిన్న వాల్వు ఉంటుంది. లోపలి పీడనం ఒక హద్దు దాటి తగ్గగానే అది తెరుచుకుని బయటి గాలిని వదులుతుంది. ఎండలో ఆవిరి మితిమీరి పెరిగితే దాన్ని బయటికి వదిలే ఏర్పాటు కూడా చాలా మూతల్లో ఉంటుంది.

ఆ వాల్వు లేకపోతే ఏమవుతుందో లెక్క వేసి మా తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించాను. ట్యాంకు పైభాగం పొడవు 50 సెంటీమీటర్లు, వెడల్పు 40 సెంటీమీటర్లు అనుకుందాం. లోపలి పీడనం వాతావరణ పీడనం కంటే 20వ వంతు మాత్రమే తగ్గిందనుకుందాం. ఆ ఒక్క పైభాగం మీదే బయటి గాలి సుమారు 100 కిలోల బరువుతో నొక్కుతుంది. నాలుగు పక్కలా, కిందా కూడా అదే నొక్కుడు. పలుచని రేకు ట్యాంకు సొట్టపోతుంది. ట్యాంకు తట్టుకున్నా పంపు పెట్రోలును లాగలేక అవస్థ పడుతుంది, బండి మధ్య దారిలో ఆగిపోతుంది. కాసేపటికి గాలి మెల్లగా చేరుకుని మళ్ళీ స్టార్టవుతుంది. ఇలా ఆగి ఆగి నడిచే బండికి మెకానిక్‌లు ఇంజినులో తప్పు వెతుకుతూ ఉంటారు.

అందుకే ఆటోనగర్ వెళ్ళేటప్పుడు పాత మూతను చేతిలో పట్టుకుని వెళ్ళాను. అలాగని కారును మూత లేకుండా ఉంచలేదు. మా అబ్బాయి స్నేహితుడి ఇంట్లో అదే రకం కారు ఉంది. వాళ్ళు ఊళ్ళోనే ఉండి ఆ పూట కారు తీయడం లేదు కాబట్టి వాళ్ళ మూత అడిగి తెచ్చి మా కారుకు బిగించి ఉంచాను, వాళ్ళ ట్యాంకు నోరు తెరిచి ఉండకుండా వాళ్ళు తమ దగ్గరున్న విడి మూత వాడుకున్నారు. అలా వీలుకానివారు పాత మూతను ఫోటో తీసుకుని, ఆర్‌సీ కాగితం పట్టుకుని వెళితే సరిపోతుంది. మూతను మాత్రం కారుకే ఉంచాలి. ట్యాంకు నోట్లో గుడ్డ కుక్కడం, పాలిథీన్ కవరు కట్టడం ఎప్పుడూ చేయకూడదు. గుడ్డ పెట్రోలును పీల్చి ఒత్తిలా బయటికి తెస్తుంది. కవరు ఆవిరికి మెత్తబడి, రాపిడికి చిరిగి లోపలికి జారుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు, విడిభాగాల దుకాణాలు వీధుల పొడవునా ఉంటాయి. కావలసినది దొరకకపోవడం ఉండదు, దొరికినవాటిలో సరైనది పోల్చుకోవడమే పని. నేను వెళ్ళిన దుకాణం పెద్దాయన మూతను అటూ ఇటూ తిప్పి చూసి, "బండి ఏ సంవత్సరంది తల్లీ?" అని అడిగారు. 2014 అన్నాను. "ఆర్‌సీ ఉందా? చాసిస్ నంబరు చెప్పు" అన్నారు. మూతకు చాసిస్ నంబరు ఎందుకండీ అని అడిగితే, ఒకే పేరుతో అమ్మిన కారుకు మధ్యలో ట్యాంకు గొట్టం మారి ఉండవచ్చని, నంబరు కొట్టి చూస్తే ఆ బండికి ఏ భాగం నంబరో కచ్చితంగా తెలుస్తుందని చెప్పారు. అప్పటికే ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ఆయన బల్ల మీద మూడు మూతలు పెట్టారు. మూడూ మా గొట్టానికి మర పట్టేవే. ఒకటి కంపెనీ డబ్బాలో, భాగం నంబరు, గరిష్ఠ ధర ముద్రించిన చీటీతో ఉంది. 420 రూపాయలు. రెండోది 150 రూపాయలకు వచ్చే పేరులేని మూత. దాన్ని తిరగేసి చూస్తే అడుగున వాల్వు ఉండవలసిన చోట గుండ్రని గుర్తు మాత్రమే పోసి ఉంది, కదిలేదేమీ లేదు. వేలితో నొక్కితే మొదటిదానిలో స్ప్రింగు మెత్తగా లోపలికి పోయి తిరిగి వచ్చింది. రెండోది రాయి. మూడోదానికి నడుమ సన్నని రంధ్రం ఉంది. అది బొగ్గు డబ్బా లేని పాత కార్బురేటరు కార్ల కోసం. "ఇది పెడితే బండి చక్కగా నడుస్తుందమ్మా, ఏ ఇబ్బందీ తెలియదు. వాసన మాత్రం పోదు" అన్నారు పెద్దాయన. అంటే నేను ఏ బాధ తప్పించుకోవడానికి వచ్చానో ఆ బాధను కొత్త మూతతో మళ్ళీ కొనుక్కుని వెళ్ళేదాన్ని. మొదటిది తీసుకున్నాను. తాళం చెవితో తెరిచే మూత కూడా చూపించారు. మా కారులో డ్రైవరు సీటు పక్కన మీట లాగితేనే పై రేకు తెరుచుకుంటుంది కాబట్టి మాకు అది అవసరం లేదనిపించింది. మీట లేని బండ్లకు తాళం మూత మేలు.

మార్చే పని ఆదివారం పొద్దున్నే, ఎండెక్కక ముందు పెట్టుకున్నాం. చల్లగా ఉన్నప్పుడు ఆవిరి తక్కువ. కారు రాత్రి నుంచి నడవలేదు, ఇంజిను చల్లారి ఉంది. చోటు ఆరుబయట, చుట్టుపక్కల పొయ్యి లేదు. ఫోనులు ఇంట్లోనే ఉంచి వచ్చాం, వెలుగు కోసం టార్చి కూడా వాడలేదు. నేను నూలు చీరే కట్టుకున్నాను. నైలాను, పాలిస్టరు బట్టలు సీటుకు రాసుకుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. మూత ముట్టుకునే ముందు నేనూ మా అబ్బాయీ ఇద్దరం కారు తలుపు దగ్గర రంగు లేని ఇనుప భాగాన్ని చేత్తో తాకాం, ఒంటి మీద విద్యుత్తు ఏమైనా ఉంటే అక్కడే దిగిపోతుంది. సెల్లారు గోడకు ఉన్న పొడి రకం మంటలార్పే సిలిండరును దగ్గర పెట్టుకున్నాం. ఇది అతి జాగ్రత్త అని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే పెట్రోలు నీటి మీద తేలి మంటను ఇంకా దూరం తీసుకుపోతుంది, అప్పుడు బకెట్టు ఎంత దగ్గరున్నా లాభం లేదు.

పాత మూత బిగించి ఉండగానే చేయవలసిన పనులు ముందు చేశాం. ఈ వరుస ముఖ్యం, లేకపోతే పట్టీతో కుస్తీ పడుతున్నంతసేపూ ట్యాంకు నోరు తెరుచుకునే ఉంటుంది. (స్నేహితుడి ఇంటి మూతను ముందు రోజే తిరిగి ఇచ్చి మా పాతదాన్నే మళ్ళీ బిగించుకున్నాం.) పై రేకు తెరిచి, గొట్టం చుట్టూ ఉన్న గుంటను తడిగుడ్డతోనూ తరువాత పొడిగుడ్డతోనూ తుడిచాం. పాత పంచె ముక్క దీనికి బాగా పనికివస్తుంది, నూగు రాలదు. ఎన్నేళ్ళ దుమ్మో, గుడ్డ నల్లబడింది. తుడవకపోతే మూత తీసినప్పుడు అదంతా ట్యాంకులోకి రాలిపడేదన్నమాట.

ఆ గుంట అడుగున చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. నేను ఇప్పటివరకు కలిసిన కారు యజమానుల్లో దాన్ని గమనించినవారు తక్కువ. వాన నీరు, బంకులో ఒలికిన పెట్రోలు కిందికి దిగిపోవడానికి పెట్టిన దారి అది. మాది మట్టీ ఎండిన వేపపూతా కలిసి గట్టిగా బిగిసిపోయింది. మా అబ్బాయి చీపురు పుల్లతో మెల్లగా పొడిచి, చెంచాతో నీళ్ళు వదిలి, కింద చక్రం పక్కన చుక్కలు పడేదాకా శుభ్రం చేశాడు. వానాకాలంలో ఆ రంధ్రం మూసుకుంటే మూత చుట్టూ నీరు నిలుస్తుంది. వాషరు బీటవారి ఉంటే ఆ నీరు నేరుగా ట్యాంకులోకే. ఇథనాల్ నీటిని పీల్చుకునే గుణం ఉన్నది. కొద్ది నీరైతే పెట్రోలులోనే కలిసిపోయి ఇంజినుకు పోతుంది. హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పంపు లాగేది అడుగు నుంచే. తరువాత బండి జెర్కులిస్తూ ఆగిపోతుంది, ట్యాంకు దింపి కడిగించవలసి వస్తుంది. చీపురు పుల్లతో పోయే పనికి అంత ఖర్చు ఎందుకు?

తరువాత తెగిన పట్టీ మొదలు. గుంట పక్క గోడకు చిన్న రంధ్రం, అందులో ప్లాస్టిక్ మేకు. ఆ మేకు చివర రెండు రెక్కలుంటాయి. లోపలికి నొక్కగానే అవి విచ్చుకుని పట్టుకుంటాయి కాబట్టి ఊరకే లాగితే రాదు. మొండిగా లాగితే తల విరిగి మిగతాది లోపలే ఉండిపోతుంది. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డను దాని మీద కాసేపు అద్దిపెట్టాం. ప్లాస్టిక్ కొంచెం మెత్తబడింది. నోస్ ప్లయర్‌తో తల కింద పట్టి, అటూ ఇటూ తిప్పుతూ నిదానంగా లాగితే ఊడివచ్చింది. హెయిర్ డ్రయ్యరుతో వేడి చేయమని మా బంధువు ఒకరు సలహా ఇచ్చారు. ప్లాస్టిక్ పనికి అది మంచి ఉపాయమే కావచ్చు, పెట్రోలు పక్కన మాత్రం వద్దే వద్దు. దాని లోపల ఎర్రగా కాలే తీగ ఉంటుంది, మోటారు రవ్వలు విసురుతుంది.

కొత్త పట్టీ చివరనున్న మేకును అదే రంధ్రంలో పెట్టి బొటనవేలితో నొక్కితే టక్కున కూర్చుంది. లాగి చూశాం, గట్టిగా ఉంది. పట్టీ రెండో చివర మూత మెడ చుట్టూ వలయంగా ఉంటుంది, మూత తిరిగినా వలయం తిరగకూడదు. దాన్ని మెలిపడకుండా సర్దాం. పట్టీ మెలిపడితే ప్రతిసారీ మూత తిప్పుతుంటే అది లాగి లాగి మళ్ళీ అదే చోట తెగుతుంది. మా పాతది అలాగే తెగిందని తెగిన అంచు చూస్తే తెలుస్తోంది.

అప్పుడు పాత మూతను తీశాం. ఒక్కసారిగా విప్పకుండా పావు చుట్టు తిప్పి ఆగాలి. లోపలా బయటా పీడనం తేడాగా ఉంటే బుస్సుమని సర్దుకుంటుంది. ఆ శబ్దానికి చాలామంది భయపడతారు. సన్నగా, క్షణంసేపు వస్తే అది సహజమే. మా పాత మూతకు ఆ శబ్దం రానే రాలేదు, పీడనం నిలిచే పరిస్థితే లేదు కదా. గొట్టం అంచును పొడిగుడ్డతో చుట్టూ తుడిచి, వేలితో తడిమి చూశాను. వాషరు ఆనేది ఈ అంచుకే. ఇక్కడ తుప్పు గానీ సొట్ట గానీ ఉంటే ఎంత మంచి మూతైనా వ్యర్థం. మాది నున్నగానే ఉంది. తుప్పు ఉంటే గరుకు కాగితంతో మనమే రుద్దకూడదు, రజను ట్యాంకులో పడుతుంది. ఆ పని మెకానిక్‌కు వదిలేయాలి. కొత్త వాషరుకు గ్రీజు, వ్యాజిలైన్ రాయమని చెప్పేవారున్నారు. అవి సాధారణంగా ముడిచమురు నుంచి వచ్చే పదార్థాలు, కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తాయి. కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే పొడిగా బిగించాను.

బిగించేటప్పుడు ముందు ఎడమవైపుకు కొంచెం వెనక్కి తిప్పి, మర చుట్లు ఒకదానిలో ఒకటి కూర్చున్నట్టు అనిపించాక కుడివైపుకు తిప్పాలి. లేదంటే మర వంకరగా ఎక్కి ప్లాస్టిక్ చుట్లు చెడతాయి. టిక్, టిక్, టిక్. ఎన్ని టిక్కులు వినాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, దానినే పాటించాలి. మా అబ్బాయి చేత కూడా ఒకసారి విప్పించి బిగింపించాను. వాడి చేతికీ నా చేతికీ ఒకే చోట ఆగింది. ఆ మూత పని చేస్తోందనడానికి అంతకంటే రుజువు అక్కరలేదు.

పాత మూతను నేరుగా ఇంట్లోకి గానీ డిక్కీలోకి గానీ తీసుకుపోలేదు. దాని రబ్బరులో పెట్రోలు ఇంకి ఉంటుంది. డాబా మీద నీడలో, గాలి తగిలే చోట వాసన పూర్తిగా పోయేదాకా ఉంచి, తరువాత మా స్కూలు ప్రయోగశాలకు ఇచ్చాను. వాల్వు, స్ప్రింగు, పళ్ళ చక్రం పిల్లలకు విప్పి చూపించడానికి అంతకంటే మంచి వస్తువు లేదు.

ఇక ఫలితం. కారును ఇంకా బయటే ఉంచి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకసారి, ట్యాంకు నిండుగా కొట్టించాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి పరీక్షించాం. తెల్లవారుజామున చూసేది మాత్రం వాచ్‌మన్ భార్యేనని చెప్పాను, ఆమె ముక్కు మీద నాకు నమ్మకం. "ఇప్పుడేమీ లేదమ్మా" అని ఆమె అన్నాకే కారు సెల్లారులోకి దిగింది. మైలేజీ పెరిగిందా అని అడుగుతున్నారు. ఆవిరిగా పోయేది ఆగింది కాబట్టి కొంత మిగిలే ఉంటుంది గానీ, లెక్కలో కనిపించేంత కాదు. అందుకోసం మార్చలేదు కూడా.

టెక్సాస్‌లో డాలస్ పక్కన ఉంటున్న మా తమ్ముడికి ఈ సంగతి ఫోనులో చెబితే, "అక్కా, ఇక్కడ మూత వదులైతే కారే చెబుతుంది" అన్నాడు. అమెరికాలో 1996 నుంచి వచ్చిన కార్లలో ట్యాంకు ఆవిరి కారుతోందా అన్నది కారు కంప్యూటరే పరీక్షించుకునే ఏర్పాటు క్రమంగా పెట్టారు. మిల్లీమీటరు వెడల్పు రంధ్రమంత కారినా అది పసిగడుతుంది, డ్యాష్‌బోర్డు మీద ఇంజిను గుర్తు దీపం వెలుగుతుంది. మూత వదులైతే కారు కంప్యూటరు నమోదు చేసే లోపం కోడు పీ0457. అక్కడ డాలస్, కాలిన్ వంటి కౌంటీల్లో రిజిస్ట్రేషన్ కొనసాగించాలంటే పొగ పరీక్ష నెగ్గాలి, దీపం వెలుగుతుంటే నెగ్గదు. వాడు మూత మార్చుకున్న వెంటనే దీపం ఆరలేదని కంగారు పడ్డాడట. కారు తన పరీక్షను మళ్ళీ కొన్ని ప్రయాణాల్లో వరుసగా చేసుకుని, కారడం లేదని నిర్ధారించుకున్నాకే దీపం ఆరుతుంది. స్కానరు పెట్టి కోడు చెరిపేస్తే దీపం ఆరుతుంది గానీ, కారు స్వీయ పరీక్షల ఫలితాలన్నీ కూడా చెరిగిపోతాయి, అప్పుడు ఇంకా సిద్ధంగా లేదని పరీక్ష కేంద్రం తిప్పి పంపవచ్చు. అక్కడున్న మనవాళ్ళు రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడకముందే మూత చూసుకోవడం మంచిది. మా కారులో మూత వదులైతే దీపం వెలిగే ఏర్పాటు లేదు. ఇక్కడ మన ముక్కే ఆధారం.

వాషరు ఒక్కటే మారిస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. పళ్ళ చక్రం టిక్కుమంటూ, వాల్వు కదులుతూ, పట్టీ బాగుండి, రబ్బరు మాత్రమే చెడితే సరిపోతుంది, అదీ ఆ కొలతకు, పెట్రోలును తట్టుకునే రబ్బరుతో చేసిన వాషరు దొరికితే. నీళ్ళ కుళాయి వాషరు కోసి పెట్టడం పనికిరాదు, పెట్రోలుకు అది ఉబ్బి చుట్టుకుపోతుంది.

మూడో అంతస్తులో ఉండే పెద్దాయన 1990ల నాటి కార్బురేటరు కారును ఇప్పటికీ ప్రాణంగా చూసుకుంటారు. ఆయన కారు మూత ఎక్కడో బంకులో పోయి, కవరు కట్టి రబ్బరు బ్యాండు వేసి తిప్పుతున్నారు. మా సంగతి విని, నాకు తెచ్చినటువంటి మూతే తనకూ తెప్పించమన్నారు. ఆయనను కూడా ఆర్‌సీ పట్టుకుని అదే దుకాణానికి తీసుకువెళ్ళాను. దుకాణం పెద్దాయన నంబరు చూసి, ఆ కారుకు బొగ్గు డబ్బా లేదు కాబట్టి గాలి లోపలికి రావడానికి మూత తప్ప వేరే దారి లేదని చెప్పి, నాకు వద్దన్న ఆ మూడో రకం మూతనే, నడుమ సన్నని రంధ్రం ఉన్నదాన్ని, ఆయన చేతిలో పెట్టారు.